బండి మాట్లాడాలా, రోడ్డు చూడాలా? ఈ పంచాయితీ ఎక్కడ మొదలైందంటే

యాక్సిడెంట్లు తగ్గాలంటే బండ్లే ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకోవాలా, లేక రోడ్డు పక్కన సెన్సర్లు చూసి చెప్పాలా అన్నదే ఈ పంచాయితీ. 1928లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక వింత సిగ్నల్ పెట్టారు. చార్లెస్ ఆడ్లర్ అనే ఆయన చేసింది, పక్కన మైక్రోఫోన్ ఉంటుంది, చిన్న రోడ్డు మీంచి వచ్చినవాడు రెడ్ దగ్గర ఆగి హారన్ కొడితే మైక్ విని గ్రీన్ ఇస్తుంది. అంటే బండి చెప్పడం, రోడ్డు వినడం అనే ఐడియాకి దగ్గర దగ్గర వందేళ్లు. (మన దగ్గర రెడ్ పడ్డాక కూడా హారన్ మోగించేవాళ్లు ఇంకా ఆ సిగ్నలే ఉందనుకుంటారేమో. 2020లో ముంబై పోలీసులు దీన్ని తిరగేసి, సౌండ్ 85 డెసిబెల్స్ దాటితే రెడ్ మళ్లీ మొదటికొచ్చే సిగ్నల్ పెట్టి వీడియో వదిలారు కూడా.)

తర్వాత 1960ల్లో రోడ్డు కింద తీగచుట్టలు పాతడం మామూలైంది. పైన బండి ఉందని వాటికి తెలుస్తుంది, ఎటు తిరగబోతోందో, డ్రైవర్ బ్రేక్ తొక్కాడో లేదో తెలీదు. నడిచే మనిషైతే అసలు లెక్కలోనే లేడు.

రేడియో సంగతి 1999 అక్టోబర్లో ఊపందుకుంది. అమెరికా టెలికాం రెగ్యులేటర్ ఎఫ్‌సీసీ 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ (రేడియో తరంగాలకి జాగా) తీసి ఇది రవాణాకే అని రాసిచ్చింది. ప్లాన్ ఏంటంటే ప్రతి బండీ సెకనుకి పదిసార్లు నేను ఇక్కడున్నా, ఇంత స్పీడులో ఇటెళ్తున్నా, బ్రేక్ వేశా అని చుట్టూ ఉన్నవాళ్లకి చెప్తూ పోతుంది, ముందు లారీ అడ్డంగా ఉన్నా దాని అవతల ఎవడో సడన్ బ్రేక్ కొట్టాడని నీ కారుకి తెలిసిపోతుంది. 2012లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో సుమారు 2,800 బండ్లకి ఈ రేడియోలు పెట్టి తిప్పి చూశారు, పని చేసింది. 2016 డిసెంబర్లో కొత్త కార్లన్నిటికీ ఇది కంపల్సరీ చేద్దామని ప్రపోజల్ కూడా వచ్చింది.

అక్కడే ఆగిపోయింది. కారణం లెక్కలోనే ఉంది. రోడ్డు మీద నూటికి పది బండ్లకే రేడియో ఉందనుకోండి, ఎదురుపడే రెండు బండ్లలో రెండింటికీ అది ఉండే ఛాన్స్ నూటికి ఒకటి. అంటే కొన్నవాడికి లాభం లేదు, లాభం లేదు కాబట్టి ఎవడూ కొనడు. జనరల్ మోటార్స్ 2017 మోడల్ క్యాడిలాక్ సీటీఎస్‌లో పెట్టింది, పాపం దానితో మాట్లాడటానికి దాదాపుగా ఇంకో సీటీఎస్సే దొరకాలి. టయోటా 2021 నుంచి అమెరికాలో పెడతామని 2018లో చెప్పి మరుసటేడే ఆపేసింది.

ఈలోపు ఫోన్ నెట్‌వర్క్ వాళ్లు దిగారు, ఈ వైఫై టైపు రేడియో ఎందుకు సెల్యులార్ వాడండి అని 2017లో వాళ్ల స్టాండర్డ్ వచ్చింది. ఇక రెండు శిబిరాలు. యూరప్‌లో వైఫై వైపు మొగ్గిన రూల్‌ని 2019 జులైలో సభ్యదేశాలే కొట్టేశాయి. 2020 నవంబర్లో ఎఫ్‌సీసీ ఆ 75లో 45 తీసుకెళ్లి మామూలు వైఫైకి ఇచ్చేసి మిగతా 30 సెల్యులార్ పద్ధతికి వదిలింది, కోర్టుకెళ్తే 2022లో కోర్టు కూడా ఎఫ్‌సీసీ వైపే చెప్పింది. 2023లో ఆ కంపల్సరీ ప్రపోజల్ వెనక్కి తీసుకున్నారు. ఇరవై నాలుగేళ్లు! నా దృష్టిలో ఇది టెక్నాలజీ ఫెయిల్యూర్ కాదు, భారమంతా బండి కొనేవాడి మీద వేయడం వల్ల వచ్చిన తంటా.

జపాన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. అనలాగ్ టీవీ ఆపాక ఖాళీ అయిన 760 మెగాహెర్ట్జ్ దగ్గర కొంచెం తీసుకున్నారు, తక్కువ ఫ్రీక్వెన్సీ కాబట్టి బిల్డింగుల మూలలు తిరిగి వెళ్తుంది. 2015లో ఐటీఎస్ కనెక్ట్ అని మొదలుపెట్టారు, ముందుగా టయోటా క్రౌన్‌లో వచ్చింది. ఇందులో అసలు పని జంక్షన్‌లో సెన్సర్‌ది. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, కాబట్టి కుడివైపు తిరగడమే డేంజర్. నువ్వు కుడికి తిరగడానికి ఆగి ఉన్నావు, ఎదురుగా కూడా ఒక పెద్ద బండి తిరగడానికి ఆగి ఉంది, దాని వెనక నుంచి బైక్ వస్తోంది, నీకు కనపడదు. పైనున్న సెన్సర్‌కి కనపడుతుంది, జీబ్రా మీద నడిచేవాళ్లూ కనపడతారు. చూడకుండా బ్రేక్ మీంచి కాలు తీస్తే కారులో బజర్ మోగుతుంది. ఆ బైక్ వాడి దగ్గర ఏ పరికరమూ అక్కర్లేదు, వాడి తరఫున రోడ్డే చెప్తుంది. పైన చెప్పిన నూటికి ఒకటి లెక్క ఇక్కడ నూటికి పది అవుతుంది, ఎందుకంటే ఇప్పుడు తిరిగే బండి ఒక్కదానికి ఉంటే చాలు.

ఇలాంటి సెన్సర్లని సిగ్నల్ కంట్రోల్‌కి కలిపితే ఇంకా బాగుంటుంది. రాడార్ దూరం నుంచే స్పీడు చూస్తుంది, రేడియో ఉన్న బండైతే తన స్పీడు తనే చెప్తుంది, ఈ రెండూ కలిపి చూసి వీడు ఇక ఆగలేడు అనిపిస్తే అన్నివైపులా రెడ్‌ని ఇంకో సెకనో రెండో పొడిగించొచ్చు. దీనికి బండ్లలో రేడియో ఒక్కటీ లేకపోయినా పని నడుస్తుంది. యూటా రాష్ట్రంలో 2017లో ఇంకా సింపుల్‌గా సిటీ బస్సులతో మొదలుపెట్టారు, లేటుగా నడుస్తున్న బస్సు మాత్రమే సిగ్నల్‌ని గ్రీన్ అడుగుతుంది, టైంకి ఉన్నది అడగదు.

చైనా అయితే మొదట్నుంచీ రోడ్డుకి కూడా తెలివి పెడదాం అనే లైనులోనే ఉంది, 2018లో సెల్యులార్ పద్ధతికి 20 మెగాహెర్ట్జ్ ఇచ్చి 2024లో బండి, రోడ్డు, క్లౌడ్ మూడూ కలిపే పైలట్‌కి 20 చోట్ల లిస్టు ప్రకటించింది.

మనకి ఏది సరిపోతుందో అంకెలే చెప్తాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది, అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు, 19.5 శాతం నడిచేవాళ్లు. కార్లు కార్లతో మాట్లాడుకుంటే వీళ్లకి ఒరిగేది తక్కువ. సంగారెడ్డి దగ్గర ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌లో టీహాన్ టెస్ట్‌బెడ్ 2022లో ఓపెన్ అయింది, డ్రైవర్‌లెస్ బండ్ల పరీక్షలకి. అదే ఏడాది ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా. మన సిటీ జంక్షన్లలో కెమెరాలకి కొదవ లేదు, చూడాల్సిందంతా చూస్తూనే ఉన్నాయి, కాకపోతే చూసింది కంట్రోల్ రూముకి వెళ్తుంది, హెల్మెట్ లేకపోతే ఫోన్‌కి చలానా వస్తుంది, ఎదురుగా బైక్ వస్తోంది ఆగు అన్న మాట మాత్రం ఆ మలుపులో ఉన్న డ్రైవర్‌కి ఇంకా రావట్లేదు.