పులి బ్యాడ్జి, పిడికిలి బ్యాడ్జి: కరాటే గుర్తుల మీద అపోహలు – వాస్తవాలు

మొన్న బెల్టు టెస్ట్ అయ్యాక ఒక నాన్నగారు అందరూ వెళ్లిపోయేదాకా ఆగి దగ్గరికి వచ్చారు. "మాస్టర్, ఏమీ అనుకోకండి. మా వాణ్ణి పిడికిలి బ్యాడ్జి క్లాసుకి మారుద్దామనుకుంటున్నాం. పులి అంటే ఊరికే షో అట కదా, పిడికిలి అంటేనే అసలు ఫైటింగ్ అట." ఎవరు చెప్పారండీ అని అడిగితే, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. ఆ పిల్లాడు మూడేళ్లుగా నా దగ్గర నేర్చుకుంటున్నాడు, గ్రీన్ బెల్టు. స్టైల్ మారితే చాలాచోట్ల మళ్లీ వైట్ బెల్టు నుంచే మొదలుపెట్టాలి. కటాలు (వరసగా చేసే కదలికలు) వేరు, నిలబడే తీరు వేరు, ఫీజులు మళ్లీ మొదటినుంచి. ఇదంతా ఒక గుడ్డముక్క మీది బొమ్మని చూసి!

ఇరవై రెండేళ్లుగా కరాటే నేర్పుతున్నాను. ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: పులి అంటే క్రూరత్వం, దూకుడు

కాదు. అదొక మాటల చమత్కారం.

పులి బ్యాడ్జి షోటోకాన్ అనే స్టైల్‌ది. దానికి మూలపురుషుడు గిచిన్ ఫునకోషి 1868లో ఒకినావా దీవిలోని షురిలో పుట్టిన బడిపంతులు. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శన ఇచ్చి ఊరికి తిరుగు ప్రయాణమవుతుంటే కొసుగి హోఆన్ అనే చిత్రకారుడు పట్టుకున్నాడు. ఇక్కడే ఉండి మాకు నేర్పండి, పుస్తకం రాయండి అని వెంటపడ్డాడు. జపాన్‌లో ఒక విద్యకి ప్రామాణికమైన గ్రంథాన్ని 'తోరా నో మాకి' అంటారు. తోరా అంటే పులి, మాకి అంటే చుట్టిన గ్రంథం. ఫునకోషి రాసేది కరాటేకి అలాంటి గ్రంథమే కదా, అందుకని హోఆన్ పులిని గీశాడు. 1935లో వచ్చిన 'కరాటే-దో క్యోహాన్'తో ఆ పులి స్థిరపడిపోయింది. ఇప్పటికీ అక్కడ బడిపిల్లల గైడ్లని కూడా 'తోరా నో మాకి' అంటారు. అంటే మీ వాడు ఛాతీ మీద మోస్తున్నది ఒక పాఠ్యపుస్తకం గుర్తన్నమాట.

షోటో అనేది కూడా యుద్ధానికి సంబంధించిన మాట కాదు, ఫునకోషి కవిత్వం రాసుకునే కలం పేరు. పైన్ చెట్ల మధ్య గాలి వీస్తే వచ్చే హోరు అని అర్థం. షురి దగ్గర ఆయన నడకకి వెళ్లే కొండ పేరు తోరావో, పులితోక అని. ఎలా తిప్పినా పులే వస్తుంది, ఎక్కడా గాండ్రించదు.

అపోహ: బ్యాడ్జి ఉంటే ఒరిజినల్, గుర్తింపు ఉన్నట్టే

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

బ్యాడ్జి ఎవరైనా కుట్టించుకోవచ్చు. నేను పిల్లల బ్యాడ్జీలు చేయించే ఎంబ్రాయిడరీ షాపులో పులి, పిడికిలి, పావురం, అన్నీ ఒకే అట్ట మీద శాంపిల్‌కి పెట్టి ఉంటాయి. ఏది అడిగితే అది కుట్టిస్తాడు, ధర ఒకటే. నువ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నావు బాబూ అని అతను అడగడు.

నా సంగతే చెప్తాను. టెన్త్ చదివేటప్పుడు ఒక క్యాంపుకి వెళ్లాను. అక్కడ మాకు బ్యాడ్జీలిచ్చి, జపాన్ నుంచి తెప్పించాం, ఇది ఉంటే ఇంటర్నేషనల్ మెంబర్ అయినట్టే అన్నారు. మూడు వందలు. అప్పట్లో అది మా ఇంట్లో చిన్న డబ్బేం కాదు, అమ్మ చీటీ డబ్బులోంచి తీసిచ్చింది. నెల తిరక్కుండానే ఉతుకుల్లో అంచు ఊడింది. వెనక అతికించిన కాగితం బయటపడింది. తెలుగు పేపర్ ముక్క, అందులో సగం సినిమా ప్రకటన! అమ్మకి చూపించలేక నేనే సూదీదారం తీసుకుని మళ్లీ కుట్టేసుకున్నాను.

ఇప్పుడు మూడు వందలతో పోవట్లేదు. బ్యాడ్జి, సర్టిఫికెట్, 'ఇంటర్నేషనల్' బ్లాక్ బెల్టు కలిపి వేలల్లో అడుగుతున్నారు. ఇది ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటు గ్యారంటీ అని కూడా చెప్తున్నారట. నమ్మకండి. కోటాలో చూసేది గుర్తింపు ఉన్న పోటీల్లో ఏ స్థాయిలో ఆడారు, ఏ పతకం వచ్చింది అనే. బెల్టు రంగు కాదు, బొమ్మ అసలే కాదు. ఆ ఏడాది నోటిఫికేషన్ తీసి చదవండి, చదివాకే డబ్బు కట్టండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు మాత్రం మోసపోయామని సిగ్గుపడక్కర్లేదు. పిల్లల కోసం కట్టారు. మీ పిల్లాడు నేర్చుకున్న ఒడుపు ఎక్కడికీ పోదు.

క్లాసు ఎలాంటిదో తెలియాలంటే ఒక గంట గోడవార కూర్చుని చూడండి. కూర్చోనివ్వకపోతే అక్కడే తెలిసిపోతుంది.

అపోహ: ఇవి ఏదో మతం గుర్తులు

ఈ భయంతో వచ్చేవాళ్లని చూసి నేను నవ్వను. ఒకావిడ కూతురి డ్రెస్సు మీద బ్యాడ్జి కుట్టకుండా రెండు నెలలు ఇంట్లోనే దాచింది. ఆ అమ్మాయి అప్పట్లో షిటో-ర్యూ అనే స్టైల్ నేర్చుకునేది. నిజానికి ఆ గుర్తు షిటో-ర్యూ గురువు కెన్వా మబునిగారి వంశచిహ్నం. జపాన్‌లో కుటుంబాలకి అలాంటి ముద్రలుండేవి. ఒకినావా క్లబ్బుల మీద కనిపించే గుండ్రంగా తిరిగే మూడు చుక్కల్లాంటి గుర్తు అక్కడి ర్యూక్యూ రాజులది. మన చాళుక్యులకి వరాహ లాంఛనం ఎలాగో అలాగ. ఈ మాట చెప్పగానే ఆవిడ ముఖంలో టెన్షన్ పోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పిడికిలి గుర్తు గోజు అనే స్టైల్ వాళ్లది. గో అంటే గట్టిది, జు అంటే మెత్తనిది. పేరులోనే సగం మెత్తదనం ఉంటే 'ఒట్టి ఫైటింగ్' ఎలా అవుతుంది? క్యోకుషిన్ అనే స్టైల్ గుర్తు సూర్యుడూ కాదు, కన్నూ కాదు. కాంకు కటా మొదట్లో రెండు చేతులు కలిపి పైకెత్తి ఆకాశం చూస్తారే, అది. మొనలు వేళ్లు, లావుగా ఉన్నవి మణికట్లు. తెల్ల బెల్టు మాసి మాసి నల్లబడితే బ్లాక్ బెల్టు అయిందనేది కట్టుకథ. జూడో నుంచి ఆ పద్ధతి తెచ్చుకుని ఫునకోషి 1924లో కరాటేలో మొదటి బ్లాక్ బెల్టులు ఇచ్చాడు. ఇక బ్లాక్ బెల్టు వస్తే చేతుల్ని పోలీస్ స్టేషన్‌లో రిజిస్టర్ చేయించాలనే మాట... దయచేసి నన్ను అడక్కండి.

ఇదంతా ఆ నాన్నగారికి కూడా మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. పిల్లాణ్ణి మార్చనన్నారు. బండి స్టార్ట్ చేసి, మళ్లీ ఆపి అడిగారు: "మరి ఆ పావురం బ్యాడ్జి వాళ్లు మాస్టర్? వాళ్లు కొట్టరా?"

పావురం వాడో-ర్యూది. 'వా' అంటే సామరస్యం, శాంతి. ఆ స్టైల్ పెట్టిన హిరోనోరి ఒత్సుకా అంతకుముందే జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్య నేర్చినవాడు, 1924లో ఫునకోషి చేతుల మీదుగా బ్లాక్ బెల్టు అందుకున్నవాళ్లలో ఒకడు. ఈసారి బ్యాడ్జిని దగ్గర్నుంచి చూడండి, రెక్కల మధ్యలో పిడికిలి కనిపిస్తుంది.

కొడతారండీ, బాగానే కొడతారు అన్నాను.