ఆట పాతదైనా ప్యాకేజీ పని పాతబడదు: డెబియన్ ఆటలపై అపోహలు - వాస్తవాలు

డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొన్ని ఆటల ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకునేందుకు సర్ది పెట్టిన సాఫ్ట్‌వేర్) నేను చూసుకుంటాను. "ఆటలే కదా, అందులో అంత పనేముంటుంది?" అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కువగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: కొత్త వెర్షన్ వస్తే టార్‌బాల్ (సోర్స్ కోడ్ మూట) మార్చి, నంబరు పెంచితే సరిపోతుంది.

కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పడానికి యూస్కాన్ అనే పనిముట్టు ఉంది. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఆటలో కోడ్‌తోపాటు బొమ్మలు, పాటలు, ఫాంట్లు ఉంటాయి. కొత్తగా చేరిన ప్రతి ఫైలు ఎవరిది, ఏ లైసెన్సుదో చూసి కాపీరైట్ ఫైల్లో రాయాలి. "వ్యాపారానికి వాడకూడదు" అన్న షరతుతో ఒక్క పాట ఉన్నా ఆ ఆట, పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే ఉండే మెయిన్ విభాగంలోకి రాదు. ఆ పాటను తీసేయాలి, లేదా స్వరకర్తకు ఉత్తరం రాసి లైసెన్సు మార్చమని అడగాలి.

అపోహ: రాసినవాళ్లే వదిలేసిన ఆటకు ఇక పనేమీ ఉండదు.

నా సమయం ఎక్కువగా పోయేది వీటి మీదే. ఆట కోడ్ కదలదు గానీ దాని కింద నేల కదులుతూ ఉంటుంది. ఒకప్పుడు రెండు సీ భాష ఫైళ్లలో ఒకే గ్లోబల్ వేరియబుల్ కనిపిస్తే, ఫైళ్లను కలిపి ప్రోగ్రామ్‌గా చేసే లింకర్ ఆ రెండింటినీ కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 కంపైలర్ ఆ వెసులుబాటును డిఫాల్ట్‌గా తీసేసింది. పలు ఫైళ్లు పంచుకునే హెడర్‌లో ఎక్స్‌టర్న్ (వేరియబుల్ వేరేచోట ఉందని చెప్పే మాట) పెట్టడం మరిచిన పాత ఆటలన్నీ "మల్టిపుల్ డెఫినిషన్" అంటూ బిల్డ్‌లో ఆగిపోయాయి. 2025లో జీసీసీ 15, సీ భాష కొత్త ప్రమాణమైన సీ23ను డిఫాల్ట్ చేసింది. అందులో బూల్, ట్రూ, ఫాల్స్ భాషకే సొంతమైన మాటలు. తొంభైల్లో ఆటలు రాసినవాళ్లు వాటిని తామే నిర్వచించుకునేవారు, ఇప్పుడది తప్పయి కూర్చుంది. పైథాన్ 2 భాషను డెబియన్ సాగనంపినప్పుడైతే, పైథాన్ 3కి ఎవరూ మార్చని ఆటలు రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) నుంచే వెళ్లిపోయాయి. అవి పోవడం నాకిప్పటికీ బాధే.

సరిచేసే ప్యాచ్ (కోడ్‌లో చేసే చిన్న మార్పు) మూడు లైన్లే కావచ్చు. ఫెడోరా, ఆర్చ్ వంటి ఇతర లైనక్స్‌ల వాళ్లు ముందే రాసి ఉంటారేమోనని మొదట అక్కడ వెతుకుతాను. ఆట రాసినవారి నుంచి జవాబు రాకపోతే ఆ ప్యాచ్‌ను ప్రతి అప్‌లోడ్‌లోనూ మేమే మోయాలి.

అపోహ: ఇంజిన్ (ఆటను నడిపే కోడ్) ఓపెన్ సోర్స్ అయితే ఆట మొత్తం ఉచితమే.

డూమ్ ఆట సోర్స్ కోడ్ 1997లో బయటికి వచ్చింది, 1999లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కిందికి మారింది. అసలు ఆట లెవెళ్లు, బొమ్మలు మాత్రం ఇప్పటికీ అమ్మకపు సరుకే. అందుకే ఫ్రీడూమ్ వాళ్లు అన్నీ కొత్తగా గీసి, స్వేచ్ఛగా ఇచ్చారు.

అపోహ: స్టేబుల్‌లో (అందరి వాడకానికి విడుదలైన డెబియన్‌లో) పాత వెర్షన్ ఉందంటే మెయింటైనర్ (ప్యాకేజీ చూసుకునేవారు) పట్టించుకోనట్టే.

కొత్త వెర్షన్ మేం మొదట అన్‌స్టేబుల్ అనే విభాగంలో పెడతాం. పెద్ద బగ్గులేవీ రాకపోతే మామూలుగా అయిదు రోజులకు, తర్వాతి స్టేబుల్ తయారయ్యే టెస్టింగ్ విభాగానికి చేరుతుంది. స్టేబుల్‌లో మాత్రం భద్రతా లోపాలు, తీవ్రమైన బగ్గులే సరిచేస్తాం. ఒంటరిగా ఆడుకునేవారికి దీనితో ఇబ్బంది లేదు. కలిసి ఆడేవారికి ఉంది: వెస్నోత్ అనే యుద్ధ వ్యూహాల ఆటలో 1.16 వెర్షన్ ఉన్నవారూ 1.18 ఉన్నవారూ ఒకే ఆటలో కూర్చోలేరు. అందుకే ఆ నంబరు ప్యాకేజీ పేరులోనే ఉంటుంది. స్నేహితులను ఆటకు పిలిచేముందు ఎవరి దగ్గర ఏ నంబరు ఉందో అడగండి. వారిది కొత్తదైతే, మీరు స్టేబుల్‌లోనే ఉంటూ, కొత్త వెర్షన్లను స్టేబుల్ కోసం అందించే బ్యాక్‌పోర్ట్స్‌లో దొరుకుతుందేమో చూడండి.