నెలలను వారాల్లోకి మార్చేటప్పుడు

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

నెలలను వారాల్లోకి మార్చమంటే మీలో చాలామంది నాలుగుతో హెచ్చవేసి జవాబు రాసేస్తారు. బడిలో చదివే రోజుల్లో నేనూ అలాగే చేసేవాణ్ణి. ఆ ప్రకారం పన్నెండు నెలలకు 48 వారాలే రావాలి కదా, మరి ఏడాదికి 52 వారాలని ఎందుకంటారు అన్న ప్రశ్న తట్టాక గానీ అందులోని లోపం నాకు తెలియలేదు.

వారానికి ఎప్పుడూ ఏడు రోజులే. నెల మాత్రం 28 రోజుల నుండి 31 రోజుల వరకు మారుతూ ఉంటుంది. సరిగ్గా నాలుగు వారాలుండే నెల లీపు కాని సంవత్సరంలో వచ్చే ఫిబ్రవరి ఒక్కటే. అందుకే ఆ ఏడాది ఫిబ్రవరి ఒకటో తేదీ సోమవారమైతే మార్చి ఒకటో తేదీ కూడా సోమవారమే అవుతుంది. క్యాలెండరు తీసి చూడండి. లీపు ఫిబ్రవరిలో నాలుగు వారాలు పోగా ఒక రోజు, తక్కిన నెలల్లో రెండో మూడో రోజులు మిగులుతాయి. మామూలు సంవత్సరంలో ఇవన్నీ కలిపితే 29 రోజులు, అంటే నాలుగు వారాల ఒక రోజు. మనం పోగొట్టుకున్న వారాలు ఇవే.

కాబట్టి తేదీలు తెలిసినప్పుడు నెలలను ముందు రోజుల్లోకి మార్చి, ఆ మొత్తాన్ని ఏడుతో భాగించాలి. మార్చి 1 నుండి ఆగస్టు 1 వరకు ఐదు నెలలకు 153 రోజులు, అంటే 21 వారాల 6 రోజులు. మామూలు సంవత్సరంలో ఫిబ్రవరి 1 నుండి జూలై 1 వరకు కూడా ఐదు నెలలే గాని, రోజులు 150, అంటే 21 వారాల 3 రోజులు. నాలుగుతో హెచ్చవేసినవారికి రెండుచోట్లా 20 వారాలే వస్తాయి.

తేదీలు తెలియకపోతే సగటును ఆశ్రయించాలి. మన క్యాలెండరులో 400 సంవత్సరాలకు 1,46,097 రోజులు. దాన్ని ఏడుతో భాగిస్తే శేషం లేకుండా 20,871 వారాలు వస్తాయి. ఎంత ముచ్చటైన సంగతో చూడండి! ఆ వారాలను 4,800 నెలలకు పంచితే నెలకు 4.348125 వారాలు. నోటిలెక్కకు ఇంత అక్కరలేదు, మూడు నెలలకు 13 వారాలని గుర్తుంచుకుంటే చాలు.

తల్లి నవమాసాలు మోసిందని మనం అంటాం, వైద్యులు గర్భానికి 40 వారాలంటారు. నలభైని నాలుగుతో భాగించి పది నెలలని పొరబడకండి. 40 వారాలంటే 280 రోజులు, అంటే తొమ్మిది నెలల మీద ఇంచుమించు ఆరు రోజులు. పైగా వైద్యుల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుండే మొదలవుతుంది. బిడ్డ ఎదుగుదలను దగ్గరగా గమనించేవారికి, ఒకసారి 28 రోజులు, మరోసారి 31 రోజులు ఉండే నెల కంటే ఎప్పుడూ ఏడే రోజులుండే వారమే తగిన కొలత.

ప్రేమతో,
మీ తాతయ్య