ప్రకృతి, యువత: నేను తరచూ వినే అపోహలు

ఇంటర్, డిగ్రీ పిల్లలను చెరువుల దగ్గరికి తీసుకెళ్లి పక్షులను పరిచయం చేయడం నా పని. వాళ్లలో హైదరాబాద్ హాస్టళ్లలో ఉండేవాళ్లే ఎక్కువ. "ఈ ఊళ్లో నాకెవరూ లేరక్కా" అనే మాట తరచూ వింటాను. ఆ ఒంటరితనం తగ్గడానికి ప్రకృతి సాయపడుతుంది, కానీ చాలామంది అనుకునే దారిలో కాదు.

అపోహ: అరకో, నల్లమలో వెళ్తేనే ఫలితం.

వాస్తవం: ఒక్కసారి టూర్ వెళ్లొస్తే సరదాగా ఉంటుంది, అంతే. ఒక చోటు మనదనిపించాలంటే అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లాలి. నగరం అంచునే ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అంత పేరు లేని చెరువైనా ఫర్వాలేదు, గట్టు మీద ఒక తుమ్మచెట్టుంటే చాలు. వానాకాలంలో మగ గిజిగాడు ఆకులను సన్నటి పీచుల్లా చీల్చి తెచ్చి, హెల్మెట్ ఆకారంలో సగం గూడు అల్లుతుంది. దానికి వేలాడుతూ రెక్కలాడించి ఆడపక్షిని పిలుస్తుంది. ఆమె వచ్చి చూసి ఒప్పుకుంటేనే కింది గొట్టం పూర్తవుతుంది, లేకపోతే ఆ సగం గూడు అలాగే మిగిలిపోతుంది. ఇదంతా ఒక్క పూటలో కనిపించదు. అందుకే మళ్లీ వచ్చిన పిల్లలు నన్ను పలకరించకుండానే ఆ కొమ్మ దగ్గరికి పరిగెడతారు. ఏ గూడు పూర్తవుతుందోనని వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. స్నేహాలు అక్కడే మొదలవుతాయి.

అపోహ: పల్లెటూరి పిల్లలకు ఇవన్నీ తెలిసినవే, వాళ్లకెందుకు?

వాస్తవం: తెలుసు కాబట్టే వాళ్లు కావాలి. ఇంగ్లిష్ రాదని క్లాసులో నోరు విప్పని కుర్రాడు, పొదల్లో జెముడుకాకి కూత వినగానే అది ఎటువైపుందో చూపిస్తాడు. అప్పటిదాకా అతని పేరు కూడా అడగనివాళ్లు చుట్టూ చేరతారు. తనకు తెలిసినదానికి విలువ దొరికితే మనిషి కుదురుకుంటాడు. మేం నేర్పడం తగ్గించి అడగడం పెంచాలి.

అపోహ: మొక్క నాటిస్తే చాలు, అనుబంధం అదే వస్తుంది.

వాస్తవం: ఫొటో దిగి వదిలేసిన మొక్కను ఎవరూ తలచుకోరు. ఒక మొక్కను నలుగురికి అప్పగించి ఎండాకాలం దాటించమనండి. నీళ్లు పోసే వంతులే వాళ్లను కలుపుతాయి.

అపోహ: అమ్మాయిలు రారు.

వాస్తవం: టాయిలెట్, తిరిగి వెళ్లడానికి బండి, ఇంట్లోవాళ్లకు ముందుగా ఒక ఫోన్. ఈ మూడూ చూసుకుంటే వస్తారు.

అపోహ: ఫోన్ ముట్టుకోకూడదు.

వాస్తవం: ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు పక్షులను లెక్కపెట్టి ఫోన్‌లోనే నమోదు చేయొచ్చు. తమ చెరువు లెక్క అందులో చేరిందంటే పిల్లలకు ఎంత గర్వమో!

అపోహ: చెట్ల మధ్య తిరిగితే డిప్రెషన్ పోతుంది, డాక్టర్ అక్కర్లేదు.

వాస్తవం: నాకు బాగా భయం వేసే మాట ఇది. ఇంగ్లండ్‌లో దాదాపు 20,000 మంది మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్లలో ఎక్కువమంది తాము ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని చెప్పారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని తేలిందే తప్ప జబ్బు నయమవుతుందని కాదు. పిల్లలు నిద్ర, తిండి మానేసి ముడుచుకుపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు సరేనంటే మాట్లాడుతున్నంతసేపూ పక్కనే కూర్చోండి.