గోటి పక్క కణుపును వదిలేసే జబ్బు

పొందూరులో మా పెద్దమ్మ చేతిలో ఎప్పుడూ వాలుగ చేప దవడ ఉండేది. దాని సన్నటి పళ్లతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద నూలు తీసేది. ఆ నూలు సన్నదనమంతా వేళ్లలోనే ఉంది. నాలుగేళ్ల కిందట ఆ వేళ్లే మొరాయించాయి. "పొద్దున్నే పిడికిలి బిగవదే గుంటా! పది దాటితే గానీ ఏళ్లు నా మాట ఇనవు" అనేది. వయసు మీద పడిందనుకుని, నూనె రాసి కాపడం పెడుతూ ఏడాది పోగొట్టుకున్నాం. చివరికి రక్తపరీక్షలో యాంటీ సీసీపీ, అంటే ఈ జబ్బును పట్టిచ్చే ప్రతిరక్షకం, పాజిటివ్ వచ్చింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్: ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారితప్పి కీళ్ల మీద పడే వాతం.

వేళ్ల మొదట్లో అరచేతిని ఆనుకున్న కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు రెండు చేతులకీ ఒకేలా వాచాయి. గోటి పక్క కణుపులు మాత్రం మామూలుగానే ఉన్నాయి. ఈ జబ్బు తీరే అది. గోటి పక్కన గట్టి బుడిపెలు కడితే చాలాసార్లు అది అరుగుదల వల్ల వచ్చే వాతం.

ఒళ్లంతా తిరిగే రక్తం ఒకటే, దారితప్పిన రోగనిరోధక శక్తి ఒకటే, ప్రతి కణంలోనూ జన్యువులు అవే. మరి ఒక కణుపును పట్టుకుని, అంగుళం దూరంలోని దాన్ని వదిలేయడమేమిటి?

జవాబులో కొంత భాగం కీలు లోపలి పొరలో దొరికింది. ఆ పొరను కట్టేవి ఫైబ్రోబ్లాస్ట్ కణాలు. జబ్బు ముదిరితే అవే పెచ్చరిల్లి మృదులాస్థిని తినేస్తాయి. చేతివేళ్లు, భుజాలు, మోకాళ్ల నుంచి ఈ కణాలను తీసి పోల్చిన జ్యూరిచ్ పరిశోధకులు 2017లో ఫలితాలు ప్రకటించారు. ఏ కీలు కణాలు ఆ కీలువే. పని చేసే జన్యువుల జాబితా చోటును బట్టి మారిపోతోంది. అరుగుదల వాతం ఉన్నవాళ్లలోనూ అంతే, అంటే ఈ తేడా జబ్బు తెచ్చిపెట్టింది కాదు.

మగ్గం మీద పడుగు పోగులు అవే అయినా, ఏది లేవాలో ఏది అణగాలో మారితే అంచు మారిపోతుంది కదా. డీఎన్‌ఏకి అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు, అది చుట్టుకునే ప్రొటీన్ల మీది మార్పులు చేసే పని ఇలాంటిదే: ఏ జన్యువు పని చేయాలో, ఏది ఊరుకోవాలో తేల్చడం. ఇక్కడ ముఖ్యమైనవి హాక్స్ జన్యువులు. తల్లి కడుపులో ఏది భుజమో ఏది వేలో తేల్చేవాటిలో ఇవి ముందుంటాయి. ఈ హాక్స్ జన్యువుల గుంపు నుంచే తయారయ్యే హాటెయిర్ అనే ఆర్‌ఎన్‌ఏ మోకాలు, పాదం కణాల్లో ఉంటుంది, చేతి కణాల్లో ఉండదు. పుట్టకముందు రాసిన చిరునామాను ముసలితనంలోనూ కణం మోస్తోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇదొక్కటే కారణం కాదు. పక్షవాతం వచ్చిన వైపు కీళ్లను ఈ జబ్బు తక్కువగా పట్టడం వైద్యులు ఎప్పుడో గమనించారు. కీలు మీద పడే పని కూడా లెక్కలోకి వస్తుంది.

2016లో అమెరికా పరిశోధకులు ఇదే జబ్బున్నవాళ్ల తుంటి, మోకాలు కణాలను పోల్చినా మిథైల్ గుర్తుల్లో తేడాలు కనిపించాయి. కణం లోపల వాపు సంకేతాలను మోసే జాక్-స్టాట్ అనే దారి జన్యువులూ వాటిలో ఉన్నాయి. కొన్ని కొత్త మాత్రలు అడ్డుకునేది సరిగ్గా ఆ దారినే. ఒకే మందు ఒకే మనిషిలో అన్ని కీళ్ల మీదా ఒకేలా పనిచేయకపోవచ్చన్న అనుమానానికి ఇది బలమిస్తోంది.

పెద్దమ్మ ఇప్పుడు వారానికి ఒక్క రోజు మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. వేళ్ల వాపు చాలావరకు దిగింది. కుడి మోకాలు మాత్రం ఇంకా మొండికేస్తోంది. ఒక్క మనిషిని చూసి ఏదీ తేల్చలేం. అయినా వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు ఒక్కో కీలునూ నొక్కి చూసి, కాగితం మీది బొమ్మలో విడివిడిగా గుర్తు పెడుతున్నారు. ఉదయం ఎనిమిదికల్లా పెద్దమ్మ రాట్నం దగ్గర ఉంటోంది, కుడికాలు చాపుకుని.