శ్లాబు పడితే ఇల్లు అయిపోయినట్టేనా? ఇంటి పని మీద అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సొంత ఇళ్ళు కట్టించే సివిల్ ఇంజనీర్ని. ఇంటివాళ్ళు నన్ను రోజూ అడిగేది ఒకటే: "పని ఎంతవరకు వచ్చిందండీ?" బంధువులు సైటు చూసి వెళ్ళిన మర్నాడైతే ఆ ప్రశ్నలో ఇంకొంచెం టెన్షన్ కలుస్తుంది. గోడ లేస్తేనే పని జరిగినట్టు, లేవకపోతే ఆగినట్టు లెక్కేసుకోవడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది.

అపోహ: ఇంకా పునాదిలోనే ఉన్నారంటే మేస్త్రీ సాగదీస్తున్నాడు.

వాస్తవం: మనది చాలాచోట్ల నల్లరేగడి, గుంటూరు వైపు మరీను. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పునాది ఈ కదిలే పొర దాటి గట్టి నేల మీద కూర్చోవాలి. ఆ పొర మరీ లోతుంటే అడుగున గుబ్బలా వెడల్పయ్యే అండర్‌రీమ్డ్ పైల్స్ వేస్తాం. ఎంత లోతుకు వెళ్ళాలో చెప్పాల్సింది మట్టి పరీక్ష, పక్కింటాయన కాదు.

ఇక బేస్‌మట్టం, అంటే పునాది గోడల మధ్య గచ్చు దాకా ఉండే భాగం, నింపడం. తవ్విన నల్లమట్టే మళ్ళీ లోపల పోసేస్తే ఖర్చు కలిసొస్తుందని చాలామంది పట్టుబడతారు. ఆ మట్టి ఇంటి కింద కూడా ఉబ్బుతూ, కుంగుతూనే ఉంటుంది. కొన్నాళ్ళకి గచ్చు పగులుతుంది, టైల్స్ లేస్తాయి. గ్రావెల్ గానీ ఇసుక గానీ తెప్పించి, అరడుగు మందాన పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. ఇది జరిగిన వారం వాట్సాప్‌లో పెట్టడానికి ఒక్క మంచి ఫొటో కూడా దొరకదు. ఇంటి ఆయుష్షు తేలేది మాత్రం ఆ వారంలోనే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాక బేస్‌మట్టం ఎత్తు గురించి నేను ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని ఉండటం లేదు. చిత్రమేమిటంటే, ఇల్లు ఎత్తు చేయించుకుని కరెంటు మీటరు, మోటారు స్టార్టరు మాత్రం పార్కింగ్‌లో నడుం ఎత్తులోనే పెట్టిస్తున్నారు. వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పాతవాళ్ళని అడిగి, వీలైతే ఆ గుర్తుకి పైనే పెట్టించండి.

అపోహ: శ్లాబు వేశాక పది రోజులు పని ఆగిపోయింది.

వాస్తవం: ఆగలేదు, కాంక్రీటు గట్టిపడుతోంది. కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, మామూలు ఓపీసీ (వేరే పొడులు ఎక్కువ కలపని) సిమెంటుతో వేసిన శ్లాబు కింద జాకీలు, సరుగుడు కర్రలు 4.5 మీటర్ల లోపు గదికైతే కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. బీముల కింద 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. పీపీసీ, అంటే బూడిద లాంటివి కలిపిన సిమెంటు, వాడితే ఇంకొంచెం ఆగాలి. సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకి కావాలని మేస్త్రీ తొందరపెడతాడు. అది ఆయన అవసరం, మీది కాదు.

తడపడం కూడా అంతే. ఓపీసీకి 7 రోజులు, పీపీసీకి 10 రోజులు కనీసం. మన ఎండల్లో 14 రోజులు తడిపించమంటాను. శ్లాబు మీద గట్లు కట్టి నీళ్ళు నిలపడం అందరూ చేస్తారు, స్తంభాలనే గాలికి వదిలేస్తారు. రోహిణి కార్తెలో పొద్దున్నే పైపుతో ఒకసారి తడిపితే కాసేపటికే ఆరిపోతుంది. గోనె పట్టాలు చుట్టి, అవి ఆరకుండా చూడాలి.

అపోహ: కాంక్రీటు జారుగా ఉంటే మూలమూలకీ బాగా పోతుంది.

వాస్తవం: మూలలకి పంపాల్సింది కాంక్రీటుని కుదిపి కూర్చోబెట్టే వైబ్రేటర్ మిషను, నీళ్ళు కాదు. కొలతల ప్రకారం సైటులో కలిపే ఎం20 రకం కాంక్రీటుకి 50 కిలోల సిమెంటు బస్తాకి 30 లీటర్ల నీళ్ళు దాటకూడదు. తడి ఇసుకలో ఉన్న నీళ్ళు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నీళ్ళ బకెట్లు లెక్కపెట్టే మనిషి ఒకరుండాలి. శ్లాబు రోజున బిర్యానీ ఏర్పాట్లు చూసేవాళ్ళు నలుగురుంటారు గానీ, ఈ మనిషి ఉండడు.

అపోహ: ఇనుము ఎంత ఎక్కువైతే ఇల్లు అంత గట్టి.

వాస్తవం: కడ్డీలు కిక్కిరిస్తే మధ్యలోకి కాంక్రీటే దిగదు. 2016 నాటి ఐఎస్ 1893 భూకంప మ్యాపులో విజయవాడ, గుంటూరు రెండూ మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు భూకంప ముప్పున్న చోట ఉన్నాయి. అందుకే అదనంగా రెండు కడ్డీలు వేయించడం కన్నా, స్తంభాల, బీముల కడ్డీల చుట్టూ కట్టే రింగుల కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచారో లేదో చూడండి. వంచడం కష్టమని చాలాచోట్ల 90 తోనే సరిపెట్టేస్తారు.

అపోహ: శ్లాబు పడిందంటే ముప్పాతిక పని అయినట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే అపోహ ఇదే, ఎందుకంటే డబ్బు లెక్కలన్నీ దీని మీదే నడుస్తాయి. గోడలు, కరెంటు పైపులు, నీళ్ళ లైన్లు, ప్లాస్టరింగ్, బాత్రూముల వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, తలుపులు, కిటికీలు, రంగులు - ఇవన్నీ ఇంకా ముందున్నాయి. నేను చూసిన ఇళ్ళలో సగానికి పైగా డబ్బు, టైము శ్లాబు తరవాతే అయ్యాయి. పైకి మాత్రం ఇల్లు అలాగే కనిపిస్తుంది, అదే ఆకారం.

చదరపు అడుగు రేటుకి ఒప్పందం చేసుకున్నవాళ్ళకి అసలు షాక్ కూడా అప్పుడే. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బోరు, గేటు ఆ రేటులో ఉన్నాయా? బాల్కనీ, మెట్ల పైన గది కొలతలో కలిపారా? కాగితం మీద లేకపోతే లేనట్టే. శ్లాబు నాటికే కాంట్రాక్టర్‌కి ముప్పాతిక డబ్బు ఇచ్చేయకండి. ప్లాస్టరింగ్ తరవాత చేయాల్సిన పనులకి సరిపడా డబ్బు మీ చేతిలోనే ఉండాలి.

అపోహ: గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేస్తే పని అదే పరిగెత్తుతుంది.

వాస్తవం: మనుషులు పరిగెత్తుతారు, ప్లాస్టరింగ్ పరిగెత్తదు. తడి ఆరని గోడకి పుట్టీ, రంగు వేస్తే వానాకాలానికి పొక్కులు లేస్తాయి. ఆషాఢం వస్తోంది, మూఢం వస్తోందంటే నేను అడ్డం చెప్పను. పూజ గది, వంటగది, ఒక బాత్రూమ్ సిద్ధం చేయించుకుని ఆ రోజుకి పాలు పొంగించండి. సున్నం కొట్టిన గోడల మధ్య వ్రతం చేసుకున్నా పంతులుగారు ఏమీ అనరు. రంగులు గోడలు ఆరాక వేయించుకోవచ్చు.