ఎవుసం తెల్వకుంటే ఇంటర్న్‌షిప్‌కు రావద్దా?

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోన్‌కు ఒకటే ప్రశ్న. "మేడం, నేను టౌన్‌ల పెరిగిన. ఎవుసం తెల్వదు. పిల్లలు ఏమన్న అడిగితే ఎట్ల?" మొన్న మిర్యాలగూడ నుంచి ఒక డిగ్రీ అమ్మాయి అన్ని కాగితాలు పంపింది. నిన్న పొద్దున ఫోన్ చేసి, భయమైతుంది, రాలేనన్నది. దేవరకొండ దిక్కు పల్లెల్లో పిల్లలకు చేను, చెట్టు, పిట్ట చూపించే వేసవి శిబిరాలు నడుపుతున్నాను, వాటికి కాలేజీ పిల్లలను ఇంటర్న్‌లుగా తీసుకుంటాను. ఏటా ఇద్దరు ముగ్గురు మంచి ఇంటర్న్‌లు ఈ భయంతోనే ఆగిపోతున్నారు.

అపోహ: అన్నీ తెలిసినోళ్లే పిల్లలకు చెప్పాలి.

వాస్తవం: కానే కాదు. ఇంటర్న్ దగ్గర మేం చూసేది రెండే. ఒకచోట కూర్చుని చూసే ఓపిక, "నాకు తెల్వదు, పా, పెద్దాయన్ని అడుగుదాం" అనే ధైర్యం. తెలియకపోవడం వల్ల శిబిరంలో నష్టం జరగడం నేను చూడలేదు. తెలియదని చెప్పకపోవడం వల్ల జరిగింది మాత్రం చూశాను.

మూడేళ్ల కింద, బొబ్బర్ల మడి దగ్గర ఆరో తరగతి పిల్లగాడు ఒక ఆకు తిప్పాడు. ఆకు కింద పేనుబంక గుంపు, అంటే మొక్క రసం పీల్చే బుల్లి పురుగులు. నడుమ నల్లగా, ఒంటి మీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలి లాంటి పురుగు. "అన్నా, గిదేంది?" అని ఇంటర్న్‌ను అడిగాడు. అతను అగ్రికల్చర్ చదివేవాడే. తెల్వదంటే పరువు పోతుందనుకున్నాడు. "పంటను తినే పురుగు, నలిపెయ్" అన్నాడు. నేను నీళ్ల బిందె దించి వచ్చేసరికి మడంతా వెతికి నలిపేశారు.

అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రగా, గుండ్రంగా, నల్ల చుక్కలతో ఉండే పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు, పిల్ల పురుగుకు ఆ పోలికే ఉండదు. అది తినేది పేనుబంకనే. అంటే రైతుకు కూలి లేకుండా పనిచేసేవాటిని మా పిల్లలు చంపారు. మిగిలిన ఒక్కదాన్ని సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, రోజూ పేనుబంక ఉన్న కొమ్మ పెట్టాం. కొన్నాళ్లకు అది కొమ్మకు అతుక్కుని ప్యూపా అయింది, అంటే రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ. తర్వాత ఒక పొద్దున ఎర్ర రెక్కలతో బయటికొచ్చింది. ఆ ఇంటర్నే సీసా చేతిలో పట్టుకుని పిల్లల ముందు నిలబడి, "నేను తప్పు చెప్పిన" అన్నాడు. తర్వాతి ఏడు అడగకముందే మళ్లీ వచ్చాడు. ఇప్పటికీ నాకు దొరికిన మంచి ఇంటర్న్ అతనే.

అపోహ: ఎండకాలం చేన్ల ఏముంటది చూపెట్టనీకి?

వాస్తవం: ఒక జల్లు పడ్డాక వేసవి దుక్కి దున్నే ట్రాక్టర్ వెంట నడవండి. కొంగలు, గోరింకలు ఎందుకు వెంబడిస్తున్నాయో పిల్లలే చెప్తారు. నేలలో దాగిన పురుగులు, ప్యూపాలు పైకి తేలి పిట్టల పాలైతయి, ఎండకు మాడిపోతయి. చెల్కకు చెరువు మట్టి తోలేది ఇప్పుడే. తడి గోనెపట్టాలో వంద జొన్న గింజలు చుట్టిపెట్టి, నాలుగైదు రోజులకు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టించండి, మొలక శాతం ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. మృగశిర తొలకరికి ఆరుద్ర పురుగులు వస్తే ఇక ఆ రోజు వేరే పాఠమే వద్దు.

అపోహ: డబ్బు కడితేనే సర్టిఫికెట్.

వాస్తవం: ముందే వేలకు వేలు అడిగే చోటికి పోకండి. బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్లు ఊళ్లలో ఉండి రైతులతో పనిచేసే రావె (RAWE) ప్రోగ్రాం వేరు, అది కాలేజీ చదువులో భాగం. దాన్నీ, శిబిరాల ఇంటర్న్‌షిప్‌నూ కలిపి పుకార్లు పుట్టించొద్దు.

అమ్మానాన్నల భయం మాత్రం నాకు అర్థమైతది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఊరికే అనలేదు. మా పని పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకే, ఆ తర్వాత చెట్టు నీడనే. పాము కనిపిస్తే దూరం జరుగుతాం, పట్టం, కొట్టం. కరిస్తే కట్టు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం ఏదీ లేదు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్, నేరుగా ప్రభుత్వ ఆస్పత్రికి.

నిన్న ఫోన్ చేసిన బిడ్డా, నీ జాగ ఇంకెవరికీ ఇయ్యలేదు. ఒక నోటుబుక్కు, నిండు చేతుల అంగీ, నీళ్ల సీసా తెచ్చుకో. సోమవారం పొద్దున మొదటి బస్సుకు దిగు, స్టాండ్ దగ్గర నేనే ఉంటా.